ఒక్క చెయ్యే చూడాలి

మల్కాపురంలో పోర్టు క్రేన్ నడిపే గవర్రాజు కడుపు గురించి తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి భోజనాల్లో అతని తరవాతి విస్తరి దగ్గర కూర్చోడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. వడ్డించేవాడి బకెట్టు అతని దగ్గరే ఖాళీ అయిపోతుందని భయం. రాళ్ళు తిని అరిగించుకుంటాడని వెనకా అనేవారు, ముందరా అనేవారు. అతను మీసం దువ్వుకుని నవ్వేవాడు. అలాంటి కడుపులో కేన్సరు పుట్టిందంటే ఎవడు నమ్ముతాడు? అందరికంటే గట్టిగా నమ్మనిది గవర్రాజే.

రెండువేల ఆరు వానాకాలంలో మొదలైంది సంగతి. అన్నం తిని లేచిన కాసేపటికి గుండెల కింద మంట పుట్టేది. అతని భార్య చిట్టమ్మ మొదట వాము నీళ్ళు పట్టింది, తరవాత తిట్లు పెట్టింది, ఆ తరవాత రెక్క పట్టుకుని సీతమ్మధార ఆస్పత్రికి బస్సెక్కించింది. అక్కడ కొత్తగా వచ్చిన కడుపు డాక్టరు పేరు హేమశ్రీ. వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం చేసి ఇక్కడే స్థిరపడిపోయాడు. ఆవిడ చదువయ్యాక జపాన్ వెళ్ళి, పొట్ట కోయకుండా కేన్సరు తీసే పని అక్కడి డాక్టర్ల దగ్గర నేర్చుకుని వచ్చింది. చూస్తే కాలేజీ పిల్లలా ఉంటుంది. ఈ పిల్లా నా కడుపు చూసేది అనుకున్నాడు గవర్రాజు. చూసింది. నోట్లోంచి గొట్టం వేసి, దాని చివరి కెమెరాతో లోపలంతా తిప్పి తిప్పి చూసి, ఒకచోట ఎర్రగా కనిపించిన మచ్చని చిటికెడు గిల్లి పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చిన రోజు హేమశ్రీ మాట దాచలేదు. కేన్సరే అని చెప్పింది. చిట్టమ్మ కుర్చీలో కూలబడిపోయింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఉంచి, డాక్టరమ్మ మిగతాది నిదానంగా విప్పి చెప్పింది. కడుపు గోడ ఒకే పలక కాదు, అట్టు మీద అట్టు పేర్చినట్టు పొరలుంటాయి. మీ ఆయన మచ్చ చూపుకి పై అట్టులోనే ఉంది, వేలి గోరంత కూడా లేదు. దాని కిందకి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కిస్తే బొబ్బలా పైకి లేస్తుంది. అప్పుడు సన్నటి తీగ ఉచ్చులో దాన్ని బిగించి, కరెంటుతో కోసి, వచ్చిన దారినే నోట్లోంచి బయటికి తీసేస్తాను. పొట్ట మీద గాటు ఉండదు, కుట్టు ఉండదు. ఒక్క షరతు మాత్రం ఉంది. తీసిన ముక్కని పరీక్ష చేయిస్తే జబ్బు కింది పొరల్లోకి దిగిందని తేలిందా, అప్పుడు కోత ఆపరేషను తప్పదు.

గవర్రాజు విన్నదాంట్లో అతని చెవికి ఎక్కింది ఒక్కటే: పొట్ట మీద గాటు ఉండదు. కేన్సరన్న మాటకి కూడా అంతగా బెదరని మనిషి ఆ మాటకి ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకంటే పొట్ట కోయించుకున్నవాడిని మళ్ళీ క్రేన్ ఎక్కనివ్వరు. ఆ నిచ్చెన మెట్లు, కేబిన్ కుదుపులు కుట్లకి మంచివి కావని నేలమీద పనిలో వేసేస్తారు. అలా దిగిపోయినవాళ్ళని అతను చూశాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చుంటారు. పెళ్ళికి ముందు నుంచీ ఆ కేబిన్‌లోనే బతికినవాడు గవర్రాజు. అక్కణ్ణుంచి కింద ఓడలు, రైలు పెట్టెలు, మనుషులు అన్నీ తన చేతి కిందే ఉన్నట్టుంటుంది. దాన్ని వదులుకుని నేలమీద బతకడమంటే అతనికి జైలే. తీసీండమ్మా అన్నాడు, అదేదో పన్ను పీకించుకుంటున్నట్టు. ఆవిడ శనివారం రమ్మంది.

అడ్డం తిరిగినవాడు వీర్రాజు. చిట్టమ్మకి స్వయానా అన్న. గవర్రాజుకి బావ, అంతకంటే ముఖ్యంగా అతని సిగ్నల్‌మేన్. క్రేన్ పైనున్నవాడికి ఓడ కడుపులో ఏముందో కనపడదు. ఓడ మీద నిలబడి చెయ్యి ఊపి ఎత్తు, దించు, తిప్పు అని చెప్పేవాడు సిగ్నల్‌మేన్. ఇన్నేళ్ళూ వీర్రాజు చెయ్యి ఊపాడు, గవర్రాజు బరువెత్తాడు. ఒక్కసారి కూడా ఎవడికీ చిన్న గీత పడలేదు. ఇద్దరూ పక్క పక్క ఊళ్ళ రైతుబిడ్డలే, ఒకే ఏడు నాగలి వదిలి పోర్టుకి వచ్చారు. అలాంటి మనిషి ఇంటికొచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టాడు. చేలో తుంగ పీకినప్పుడు పైన తెంపితే పోతుందా, దుంప లోపల ఉండిపోదా అన్నాడు. నోట్లోంచి తీగ దూర్చి కేన్సరు లాగడం చేపలు పట్టడమా అన్నాడు. నడిబజారు దగ్గరున్న పెద్ద సర్జన్‌తో నానే మాట్లాడతాను, సుబ్బరంగా కోసి సగం కడుపు తీయించేస్తే పీడా పోతుంది అన్నాడు. గవర్రాజు అవునూ అనలేదు, కాదూ అనలేదు. కంచం ముందుకి జరుపుకుని తిన్నాడు. మాట పెంచడం ఇష్టం లేనప్పుడు అతను చేసే పని అదే.

శనివారం వచ్చింది. ఇక్కడ జరిగింది చెబితే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, గొంతు ఎండితే తెల్లారగట్ల నాలుగు గుక్కల నీళ్ళు తాగొచ్చు అని ఆస్పత్రిలో చెప్పి పంపారు. గవర్రాజు ఆ మాట అక్షరం తప్పకుండా పాటించాడు. మెతుకు ముట్టలేదు. పొద్దున్నే లేచి, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేస్తున్నట్టే, పెద్ద లోటాడు చోడి అంబలి, అదే రాగి జావ, ఎత్తి గటగటా తాగాడు. అంబలి తాగేది గానీ తినేది కాదు కదా! నీళ్ళు తాగొచ్చన్నారు, నీళ్ళకంటే అంబలి చలవ. కలిపి ఇచ్చిన చిట్టమ్మకీ అనుమానం రాలేదు. వాళ్ళ ఊళ్ళో అంబలి తాగిన ఏ మనిషీ తిన్నానని చెప్పడు.

ఆస్పత్రిలో నర్సు అడిగింది, ఏమైనా తిన్నారా అని. ఏటీ తినలేదన్నాడు. హేమశ్రీ అడిగింది. మెతుకు ముట్టలేదమ్మా అన్నాడు, కొంచెం గర్వంగా కూడా. గొంతులో మందు కొట్టి, ఇంకా మత్తు ఎక్కించకముందే ఆవిడ గొట్టం లోపలికి పంపింది. తెర మీద కడుపు కనపడాలి. ఎర్రటి బురద కనపడింది. హేమశ్రీ గొట్టం గభాల్న వెనక్కి లాగేసి, మనిషిని పక్కకి తిప్పించి, చెమట తుడుచుకుంది. మత్తు ఇచ్చాక అది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఏం తిన్నారండీ అని గట్టిగా అడిగింది. తినలేదని గవర్రాజు, తిన్నారని ఆవిడ. చివరికి తలుపు బయటున్న చిట్టమ్మని పిలిస్తే, తినలేదమ్మా, అంబలి తాగాడు అంతే అంది.

హేమశ్రీ కోప్పడుతుందనుకున్నారు. ఆవిడ మాత్రం తప్పు నాదే అంది. మా ఇంట్లో అంబలి అలవాటు లేదు, అందుకని నేను తినడం ఒక్కటే అడిగాను, ఇకనుంచి ఇక్కడ తినడం వేరుగా, తాగడం వేరుగా అడుగుతాం అంది. మళ్ళీ శనివారానికి రమ్మని పంపేసింది.

వీర్రాజుకి పట్టపగ్గాల్లేవు. దేవుడే అడ్డం పడి ఆపాడన్నాడు. ఆ వారంలోనే పెద్ద సర్జన్ దగ్గరికి కాగితాలు పట్టుకెళ్ళాడు. ఆ సర్జన్ మంచి మనిషే, పేరున్నవాడే. కడుపు కింది సగం తీసేస్తే ఎంతమంది నిలబడ్డారో నాకు తెలుసు, ఆ కొత్త పద్ధతి సంగతి మన ఊళ్ళో ఇంకా ఎవరూ పెద్దగా చూడలేదు అని ఉన్నమాట చెప్పాడు. శనివారం మంచం ఖాళీ ఉంది, రమ్మన్నాడు. అంటే ఒకే రోజు, రెండు ఆస్పత్రులు. చిట్టమ్మ ఏడుపు ఎత్తుకుంది. అన్న మాట వింటే మొగుడు దిగాలు పడతాడు, మొగుడి మాట వింటే, రేపేదైనా జరిగితే, నీవల్లే అంటారు. మొట్టమొదటిసారి గవర్రాజు కంచంలో అన్నం మిగిలింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కడే సీతమ్మధార వెళ్ళాడు. హేమశ్రీ గదిలో కూర్చుని, చుట్టూ తిప్పకుండా అడిగేశాడు.

"డాక్టరమ్మా, ఈ పని తమరు ఎంతమందికి సేసేరు?"

ఆవిడ తడబడలేదు. "జపాన్‌లో మా గురువుగారి పక్కన నిలబడి చాలామందికి చేశానండీ. ఇక్కడ నా అంతట నేను చేసింది మాత్రం కొద్దిమందికే. ఆ సర్జన్ గారు చెప్పింది అబద్ధం కాదు, ఆయన పద్ధతి బాగా నలిగిన పద్ధతి. కానీ మీ మచ్చ నేను కళ్ళారా చూశాను. దానికి సగం కడుపు తియ్యక్కర్లేదని నా నమ్మకం."

"మీ నమ్మకం తప్పయితే?"

"ముక్క పరీక్షలో తెలిసిపోతుంది. అప్పుడు నేనే మిమ్మల్ని ఆ సర్జన్ గారి దగ్గరికి తీసుకెళ్ళి, కొయ్యండి అని చెప్తాను. నా మాట నిలబెట్టుకోడానికి మీ ప్రాణం పణంగా పెట్టను."

గవర్రాజు లేచి దణ్ణం పెట్టాడు. ఆ చివరి మాటకే అతను పడిపోయాడు. బరువు తను అనుకున్నదానికంటే ఎక్కువైతే దింపేస్తానని ముందే చెప్పే మనిషిని నమ్మొచ్చు. అంతా నాకు తెలుసనేవాణ్ణి పోర్టులో ఎవడూ నమ్మడు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే కడుపులో మంట ఉంది గానీ గుండెల్లో గుబులు లేదు.

సాయంత్రం వీర్రాజు వచ్చాడు, శనివారానికి ఆటో మాట్లాడానని. గవర్రాజు ఈసారి కంచం వైపు చూడలేదు. బావని మంచం మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు.

"బావ, ఓడ మీద ఇద్దరు సెయ్యూపితే నానేటి సెయ్యాల?"

"ఎవుడి మాటా ఇనకూడదు. లోడు ఆపీయాల," అన్నాడు వీర్రాజు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఆపినాక?"

"ఎవుడో ఒక్కడే సెయ్యూపాల. ఆడి సెయ్యే సూడాల."

"అదే బావ. ఇన్నేళ్ళూ నీ సెయ్యి తప్ప ఇంకోడి సెయ్యి సూడనేదు. ఈ ఒక్క పనికి ఆ డాక్టరమ్మ సెయ్యి సూత్తాను. నువ్వు సెయ్యి దించీ."

వీర్రాజు ముఖం మాడిపోయింది. లేచి చెప్పులు తొడుక్కుని, చెల్లెలి వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. గవర్రాజు గుమ్మం దాకా వెనకే వెళ్ళాడు. అయినా మాట మార్చుకోలేదు. మొండిఘటం.

రెండో శనివారం అతను తినలేదు, తాగలేదు. చిట్టమ్మ అంబలి కుండ పొరుగింట్లో పెట్టి వచ్చింది. మత్తు సూది గుచ్చేదాకా గవర్రాజు నర్సుతో క్రేను కబుర్లు చెబుతూనే ఉన్నాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పని అయిపోయింది. మధ్యలో కొంచెం నెత్తురు కారితే చిన్న క్లిప్పు వేసి ఆపానని, మచ్చ మొత్తం ఒకే ముక్కగా వచ్చిందని హేమశ్రీ చెప్పింది. చిన్న సీసాలో ఉన్న ఆ ముక్కని చూపించింది. గవర్రాజు దానికేసి చూసి, ఇంతోటిదానికా నా క్రేను లాక్కుందామనుకున్నారు అని లోపల తిట్టుకున్నాడు. పొట్ట తడిమి చూసుకున్నాడు. ఎప్పటి పొట్టే, గీత లేదు. గొంతు మాత్రం గరగరలాడింది.

అసలు పరీక్ష ఆ తరవాతిది. ముక్క ఫలితం వచ్చేదాకా గవర్రాజు గంజీ పాలూ తాగుతూ, నాకేమీ కాదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. నిజంగానే నమ్మాడు కూడా. ఒక్క మధ్యాహ్నం మాత్రం, పోర్టు వైపు నుంచి ఓడ కూత వినపడినప్పుడు, ఆ కూతకి తను ఇక పైనుంచి తల తిప్పనేమో అన్న ఆలోచన వచ్చింది. చిట్టమ్మని పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

ఫలితం చెప్పడానికి హేమశ్రీ గదిలోకి పిలిచినప్పుడే ఆవిడ ముఖంలో తెలిసిపోయింది. జబ్బు పై పొర దాటలేదు. అంచులు చుట్టూ శుభ్రంగా ఉన్నాయి. కోత అక్కర్లేదు. మందులు వాడాలి, ఇకమీద చెప్పినప్పుడల్లా వచ్చి గొట్టం పరీక్ష చేయించుకోవాలి, అందులో బద్ధకించారంటే ఊరుకోను అంది. గవర్రాజు తల ఊపుతూనే ఉన్నాడు. బయటికొచ్చాక సీతమ్మధార రోడ్డు మీద, జనం చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా, చిట్టమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు.

మల్కాపురం అంతా బత్తాయిలూ హార్లిక్సు సీసాలూ పట్టుకుని చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళు ముందు కుట్లు చూపించమనేవారు. చొక్కా ఎత్తితే ఏమీ లేదు. ఇదెక్కడి ఆపరేషనని కొందరు ముఖం చిట్లించారు. పక్కవీధి పోతమ్మైతే, కోత లేదంటే రోగమూ లేదని తేల్చేసి బత్తాయిలు వెనక్కి పట్టుకుపోయింది. గవర్రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. రానివాడు వీర్రాజు ఒక్కడే.

కొన్ని వారాలకి డ్యూటీకి పంపించొచ్చని డాక్టర్లు కాగితం ఇచ్చారు. గవర్రాజు నిచ్చెన ఎక్కి, కేబిన్ తలుపు తీసి, సీటు మీద దుమ్ము తువ్వాలుతో కొట్టి కూర్చున్నాడు. కింద ఎరువుల ఓడ మీద వీర్రాజు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ పొద్దుటంతా పని చేశారు. ఏ తేడా లేదు. కానీ మధ్యలో ఎప్పుడు చూసినా పలకరింపుగా ఒక నవ్వు విసిరే మనిషి, ఆ రోజు తల ఎత్తి ముఖం చూడలేదు.

భోజనాల వేళ కేబిన్ కింద ఇనప మెట్ల చప్పుడైంది. వీర్రాజు. ఎత్తంటే కళ్ళు తిరిగే మనిషి, ఎన్నడూ ఆ నిచ్చెన ఎక్కలేదు. రొప్పుతూ లోపలికొచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గవర్రాజు జరిగి చోటిచ్చాడు. వీర్రాజు కిందనున్న ఓడకేసి చూశాడు.

"నాకూ మంట వత్తంది బావ," అన్నాడు. "ఏడాది దాటీసింది. అన్నం ఎక్కట్నేదు. సెల్లికి సెప్పనేదు, ఇంట్లోనూ సెప్పనేదు."

గవర్రాజుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది. "మరి నన్ను కొయ్యించుకోమని తరిమినావేటి?"

"నాకు కోతే గతనుకున్నాను. నిన్ను కోత్తే ఏటవుతాదో సూద్దారనుకున్నాను. కోసినాక నువ్వు లేత్తే, నానూ ఎల్దారనుకున్నాను. నువ్వు లేకపోతే..." వీర్రాజు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "భయం బావ. కత్తంటే భయం."

గవర్రాజు తిట్టడానికి నోరు తెరిచాడు. తన కడుపుని ముందు పంపి లోతు చూద్దామనుకున్నాడు ఈ మనిషి! నోటిదాకా వచ్చిన మాట చిన్నది కాదు. కానీ ఎదురుగా ఉన్నవాడు ఎండిపోయి ఉన్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఇన్నాళ్ళూ తన గోలలో తను పడి, పక్కనున్న మనిషి ఇలా తగ్గిపోవడం చూడనే లేదు. ఏడుస్తున్న బావని దగ్గరికి లాక్కుని వీపు నిమిరాడు. తరవాత ఫోర్‌మేన్‌కి కబురంపి, సాయంత్రం దాకా వేరే డ్రైవర్ని పెట్టమన్నాడు.

దిగేటప్పుడు వీర్రాజు ముందు, గవర్రాజు పైన. సగం మెట్ల మీద వీర్రాజు ఆగి తల పైకెత్తాడు.

"నాకూ మొదట్లోనే ఉంటాదంటావా బావ?"

తన కడుపు గురించైతే ఊరంతటికీ ధీమాగా చెప్పాడు గవర్రాజు. కానీ ఏడాది తక్కువ కాలమేమీ కాదు.

"డాక్టరమ్మ సూసి సెప్తాది. దిగు," అన్నాడు.